నూనె చెక్క

మే 4, సోమవారం

కాలికి కట్టు విప్పిన దగ్గర్నుంచి అక్క గోడ పట్టుకునే నడుస్తోంది. మంచం నుంచి గుమ్మం దాకా, ఆమె చెయ్యి ఆనేచోట, గోడ మీద మట్టిరంగు చార పడింది. పద్దెనిమిదిన బడిలో వేసవి క్లాసులు మొదలవుతాయి. అక్క సైన్స్ టీచరు. బడి మెట్ల పక్కన గోడ లేదు.

కొన్న చేతికర్ర ఏదీ ఆమె అరచేతికి కుదరలేదు. నేను చేస్తానన్నాను. పిడికి కోకోబోలో అనే ఎర్రటి చెక్క తెచ్చాను. పాలిష్ పెట్టకుండానే నిగనిగలాడుతుంది. ఒంటినిండా నూనె.

మే 7, గురువారం

పిడిని రెండు పలకలుగా కోసి, మధ్యలో కర్ర చివర ఇరికించి, ఎపాక్సీ బంకతో అతికించాను. పలకల్ని నిన్ననే సాండ్‌పేపర్ పట్టి, నూనె పోయేలా ఎసిటోన్‌తో తుడిచిపెట్టుకున్నాను. తుడిచిన గుడ్డ నారింజరంగుకి తిరిగింది.

మే 8, శుక్రవారం

బావ బరువంతా వేసి పరీక్షించాడు. పిడి రెండుగా విడిపోయింది. ఆయన నేల మీద కూలబడి, ఇది నడవడానికా, కూర్చోబెట్టడానికా మరదలా అని అడిగాడు. అందరం నవ్వాం. అక్క కూడా. నవ్వడం అయ్యాక, ఆ కర్ర తను ముట్టుకోనంది.

సాయంత్రం

విడిపోయిన చోటు చూశాను. బంకంతా ఒక పలక మీదే ఉంది, అద్దంలా. రెండో పలక బోసిగా ఉంది. అంటే దానికి అసలు అంటుకోలేదు. తుడిచిన చెక్కే కదా. ఎందుకని?

మే 9, శనివారం

ఒక ముక్క తుడిచి, ఆరగానే టిష్యూ అద్దాను. మరక లేదు. ఇంకో టిష్యూ వేసి, పైన బరువుకి ఇస్త్రీపెట్టె పెట్టి వదిలేశాను.

మే 10, ఆదివారం

మరక.

లోపలి నూనె మళ్లీ పైకి ఊరింది. నిన్న తుడిచింది ఇవాళ్టికి తుడవనట్టే. తుడిచి, ఎసిటోన్ ఆరీ ఆరగానే అతికించాలి.

మే 12, మంగళవారం

అలాగే చేశాను. మళ్లీ విడిపోయింది. ఈసారి ఏ పలక మీదా బంక సరిగ్గా లేదు. పలకల్ని నొక్కిపట్టే క్లాంప్ మర చూస్తే నేను బిగించినట్టు లేదు. గట్టిగా అడిగితే బావ ఒప్పుకున్నాడు. అటుగా వెళ్లినప్పుడల్లా ఓ చుట్టు తిప్పాడట, గట్టిగా ఉంటే మంచిదని. బంకంతా ఒత్తిడికి బయటికి పోయింది.

క్లాంప్ మీద 'బావ ముట్టరాదు' అని కాగితం అంటించాను. అది మాత్రం మొదటిసారే అంటుకుంది.

మే 15, శుక్రవారం

కొత్త పిడితో పాటు, అదే చెక్కతో అదే బంకతో చిన్న శాంపిల్ కూడా అతికించాను. విరగ్గొట్టి చూడడానికి. బావ సుత్తి అందుకోబోతే అక్క ఇటివ్వమంది. కుర్చీలో కూర్చునే కొట్టింది. విరిగిన ముక్కల్ని కిటికీ వెలుగులో తిప్పి తిప్పి చూసింది. అతుకు పక్కన చెక్క పీచులుగా చీలింది.

"అతుకు నిలిచింది. చెక్కే విరిగింది," అంది. చెయ్యి చాపి, "కర్ర ఏదీ?"

ముక్కలు బడి సంచిలో వేసుకుంది. పిల్లలకి చూపించడానికట.

మే 18, సోమవారం

పొద్దున బావ గోడ మీది చార తడిగుడ్డతో తుడిచాడు. సాయంత్రం అక్క బడి నుంచి వచ్చి, గుమ్మం నుంచి మంచం దాకా నడిచింది. తర్వాత నేను గోడకి టిష్యూ అద్ది చూశాను.

మరక లేదు.