మూత మీద రాసిన పేరు

చేవెళ్ల,
ఆదివారం మధ్యాహ్నం.

శ్రీవారికి,

అరుణ నమస్కరించి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అత్తమ్మ, సాహిత్య, నేను క్షేమం. ఆ కొండల చలిలో మీరు కూడా క్షేమంగా ఉన్నారని తలుస్తాను. క్షేమం అని రాసే ముందు ఈసారి కాసేపు పెన్ను ఆపాను. మొత్తం చదివాక ఆ మాట ఎంతవరకు నిజమో మీరే చెప్పండి.

మీ ఉత్తరం బుధవారం అందింది. సొరంగం పని దగ్గర సిగ్నల్ లేక మీరు ఉత్తరాలు మొదలుపెట్టారు గాని, నాకు ఇదే నయంగా ఉంది. ఫోన్లో అయితే అడిగినవి సగం మరిచిపోతాను. ఇప్పుడు మీ ఉత్తరం పక్కన పెట్టుకుని ఒక్కొక్కదానికి జవాబు రాస్తున్నాను. వంటింటి కప్పు కారడం ఆగింది. మేస్త్రీ రెండోసారి వచ్చి పెచ్చు ఊడిన చోట సిమెంటు వేశాడు. సాహిత్య లెక్కల పరీక్ష బాగా రాశానంటున్నది, ఇంగ్లీషు మాట మాత్రం ఎత్తడం లేదు. కనకమామిడిలో మీ స్నేహితుడి ఇంట్లో పెళ్లికి వెళ్లి మీ పేరు చదివించి వచ్చాను. మీరు రాలేదని రెండుసార్లు అన్నారు.

ఇక మిగిలినవి రెండు. మన దగ్గర పళ్ల డాక్టర్లు లేరా, అమ్మను పక్క రాష్ట్రం దాకా ఎందుకు తిప్పుతున్నావు అని ఒకటి. కొత్త పళ్లతో అమ్మ జొన్నరొట్టె తింటున్నదా, నవ్వుతుండగా ఫోటో తీసి పంపు అని ఇంకొకటి. ఈ రెండింటికి జవాబు పొడుగు.

ఊరికే తిప్పలేదండీ. చేవెళ్లలో రెండు చోట్ల, మొయినాబాద్‌లో ఒక చోట అడిగి నోట్‌బుక్కులో రాసుకున్నాను. ముగ్గురూ మూడు రకాలుగా చెప్పారు. ఒకరు మిగిలిన నాలుగు పళ్లూ తీసేయాలన్నారు, ఒకరు రెండు ఉంచుదామన్నారు, ఒకరు స్క్రూలు బిగిస్తామన్నారు. ఎవరి మాట పట్టుకోవాలో తెలియలేదు. డాక్టరీ చదివే పిల్లలు వైద్యం చేసే పెద్ద దవాఖానలో దాదాపు ఉచితమే, కానీ పదిసార్లు తిరగాలి. అత్తమ్మ ఒప్పుకోలేదు. "నేర్చుకునే పిల్లలకు నా నోరు ఇయ్య" అన్నది. అప్పుడు పక్కింటి సత్తమ్మ చెప్పింది, బీదర్‌లో ఇక్కడి ధరలో సగానికే అవుతుందని. ఆమెకూ పళ్ల సెట్టు కావాలి. ఇద్దరినీ తీసుకుని బయలుదేరాను. అత్తమ్మకు మిగిలిన నాలుగు పళ్లూ చేవెళ్లలోనే తీయించి, చిగుళ్లు ఆరాక, కొలతలకు ఒకసారి, సరిచూడటానికి ఒకసారి, తెచ్చుకోవడానికి ఒకసారి వెళ్లాం.

మొదటిసారి జహీరాబాద్ దాటాక కండక్టర్ వచ్చి, "అవ్వా, మన రాష్ట్రం అయిపోతున్నది. ఇగ టికెట్ తీసుకోవాలె" అన్నాడు.

"ఆధార్ కార్డు చూసి ఫ్రీ అంటివి గదా?" అన్నది అత్తమ్మ.

"గది గీడిదాకనే. ఆ బోర్డు అవతల వేరే సర్కారు."

"బోర్డు దాటంగనే మేము ఆడోళ్లం కాకుంట అయితమా?"

బస్సంతా నవ్వింది. సత్తమ్మ అత్తమ్మ భుజం తట్టి, "ఊకో శంకరక్కా, పండ్లు కట్టించుకొని తిరిగొచ్చేటప్పుడు మంచిగ నవ్వుతం, అప్పుడు ఇడిసిపెడ్తడు" అన్నది. కండక్టర్ కూడా నవ్వి టికెట్లు కొట్టాడు. అత్తమ్మ ఆ రోజంతా ఎంత హుషారుగా ఉన్నదో చూస్తే మీకు సంతోషమయ్యేది.

మూడోసారి వెళ్లింది పదహారు రోజుల కింద, శుక్రవారం. డాక్టర్ ఇద్దరికీ సెట్లు పెట్టి చూశాడు. సరిగ్గా కూర్చున్నాయి. అత్తమ్మ అద్దం చూసుకుని కొంగు అడ్డం పెట్టుకున్నది, సిగ్గుపడి. "పదిహేను రోజులు నొప్పి ఉంటుంది, అలవాటు కావాలి, తీయకండి" అని డాక్టర్ మరీ మరీ చెప్పాడు. ఆ మాటను నేను నోట్‌బుక్కులో రాసి కింద గీత గీశాను.

తిరుగు బస్సులో ఇద్దరికీ కడుపులో తిప్పింది. పళ్లు తీసి, దవాఖానలో ఇచ్చిన నీలం డబ్బాల్లో నీళ్లు పోసి పెట్టాను. రెండు డబ్బాలు ఒకే రకం. పొరపాటు కావద్దని చీటీలు చించి, పేర్లు రాసి అతికించాను. మూతల మీద.

నేను వంటింట్లో పేర్లు మూతల మీదే రాస్తానని మీకు తెలుసు. పైనుంచి చూడగానే కనిపిస్తాయని నా లెక్క. డబ్బా మీద రాయమని అత్తమ్మ పోరు. మామయ్య దుకాణంలో అట్లాగే రాసేవారని, మూతలు చోటు మారుతాయి గాని డబ్బాలు మారవని ఆమె వాదన. ఇన్నేళ్లలో నా వంటింట్లో ఒక్క మూతా మారలేదు. జహీరాబాద్ బస్టాండ్‌లో నల్లా దగ్గర రెండు డబ్బాల నీళ్లు మార్చాను. మూతలు తీసి గట్టు మీద పెట్టాను. మళ్లీ బిగించాను. అంతే నాకు గుర్తున్నది.

ఇంటికి వచ్చిన రోజు నుంచి అత్తమ్మ మాట తగ్గింది. జావ తప్ప ఏమీ తినేది కాదు. నొప్పి ఉంటుందని డాక్టర్ చెప్పాడు కదా అని నేను గట్టిగా ఉన్నాను. తీయనివ్వలేదు. రోజూ పొద్దున క్యాలెండర్ మీద టిక్కు కొట్టి, "ఇంక పన్నెండు దినాలు అత్తమ్మా", "ఇంక పది" అని చెప్పేదాన్ని. ఆమె తల ఊపేది. నానమ్మ ఎందుకు మాట్లాడటం లేదని సాహిత్య రెండుసార్లు అడిగింది. అలవాటు అవుతున్నదిలే అన్నాను.

ఎనిమిదో రోజు చూస్తే చిగుళ్ల మీద పుండ్లు. బీదర్ దూరమని మొయినాబాద్‌లో పళ్ల సెట్లు చేసే అతని దగ్గరికి తీసుకుపోయాను. అతను అరగంట అంచులు అరగదీసి, కడిగి నా చేతిలో పెట్టాడు. అప్పుడు లోపలి వైపు సన్నగా చెక్కిన నంబరు చూశాను. యాభై ఎనిమిది. ఇంటికి వచ్చి నోట్‌బుక్కు తీస్తే, రసీదు నంబరు అత్తమ్మది యాభై ఏడు. యాభై ఎనిమిది సత్తమ్మది.

ఇదే నేను ఇన్ని మాటల వెనుక దాచుకుంటూ వచ్చిన సంగతి. మీ అమ్మ నోట్లో ఎనిమిది రోజులు ఉన్నవి ఆమె పళ్లు కావు. పెట్టింది నేను. తీయనివ్వనిది నేను. సత్తమ్మ పళ్లను అరగదీయించిందీ నేనే.

నంబరు వాళ్లే తప్పు చెక్కారేమో అనుకున్నాను. రసీదు నేనే తప్పు రాసుకున్నానేమో అనుకున్నాను. మరునాడు సత్తమ్మ ఇంటికి పోయాను. ఆమె వాకిట్లో కూర్చుని సెట్టు కడుగుతున్నది. అడగకుండానే చేతికిచ్చింది. యాభై ఏడు.

"మాట్లాడుతుంటే జర కిందికి దిగుతున్నయ్ బిడ్డా, పౌడర్ ఏసి అతికిస్తున్న" అన్నది. "ఎట్లన్న గానీ, శుక్రారం మా మనుమరాలు ప్రవళిక నిశ్చితార్థం. ఈసారి ఫోటోల నోరు మూసుకొని నిలబడ నేను."

ఆ మాట విన్నాక సెట్టు ఆమె చేతికే తిరిగి ఇచ్చేశాను. చెబితే ఆమె పళ్లు లేకుండా నిశ్చితార్థంలో నిలబడాలి. చెప్పకపోతే అత్తమ్మ జావ తాగుతూ ఉండాలి. పుండ్లు మానేదాకా తీసి పెట్టండని అత్తమ్మకు చెప్పాను గాని కారణం చెప్పలేదు. టిక్కు మాత్రం రోజూ కొట్టాను, ఎందుకు మానేశావని అడుగుతుందేమోనని. ఒక వారం ఇట్లా గడిపాను. సత్తమ్మ కోసం ఆగానా, నా పరువు కోసం ఆగానా అంటే, ఇప్పటికీ చెప్పలేను.

నిన్న పదిహేనో టిక్కు. పెన్ను పట్టుకుని క్యాలెండర్ ముందుకు పోయి, టిక్కు కొట్టకుండానే వెనక్కి తిరిగాను. అత్తమ్మ కింద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతున్నది.

"అత్తమ్మా, గవి మీ పండ్లు కావు. సత్తమ్మయి. మూతలు నేనే మార్చిన" అన్నాను.

"ఎరుకే" అన్నది, తల ఎత్తకుండా.

"ఎప్పటి సంది?"

"మొదటి దినం సంది. నా నోరు నాకు ఎరుక లేదా? దవాఖానల మంచిగ కూసున్నయ్. ఇంటికొచ్చి పెట్టుకుంటే ఇంకొకల్ల చెప్పులు తొడిగినట్టున్నది."

"మరి చెప్పొద్దా? పుండ్లయ్యేదాక ఊకుంటరా?"

"నువ్వు దినాం టిక్కు కొడ్తుంటివి. గంత మంచిగ కొడ్తుంటే ఎట్ల చెప్పాలె?"

నేను ఆమె ఎదురుగా కూర్చుని ఒక చిక్కుడుకాయ అందుకున్నాను. ఆమె ఇంకో రెండు కాయలు తుంచి అన్నది, "ఇరవై మూడేండ్ల సంది నీ లెక్క ఒక్కసారన్న తప్పుతే చూడాలని ఉండె నాకు. తప్పినంక చెప్పబుద్ధి కాలే."

ఇది నాకు అర్థం కావడం లేదండీ. కోపమా అంటే కాదు. జాలి అంటే ఆమెకు అలవాటు లేదు. నా కోసం నొప్పి పట్టుకున్నదా, నేను ఎప్పటికి కనుక్కుంటానో చూద్దామని కూర్చున్నదా? మీరు ఆమె కొడుకు. మీకు తెలిస్తే రాయండి.

సత్తమ్మకు తానే చెబుతానన్నది. బస్సులో కడుపు తిప్పినప్పుడు తానే డబ్బాలు అటూ ఇటూ చేశానని చెబుతుందట. గట్ల అబద్ధం ఎందుకు అంటే, "ముసల్దాని చేతుల పొరపాటైతే ఎవరు నవ్వరు. నువ్వైతే వాడకట్టంత నెల దినాలు చెప్పుకుంటరు" అన్నది. రాత్రంతా ఆలోచించాను. చెప్పుకుంటే చెప్పుకోనీ. ఈ ఉత్తరం పోస్టు డబ్బాలో వేసి, అటునుంచి అటే సత్తమ్మ ఇంటికి పోతున్నాను. నిశ్చితార్థం ఫోటోలు బాగా వచ్చాయట. వాటిని చూసి మెచ్చుకున్నాకే చెబుతాను. బీదర్‌కు ఫోన్ చేస్తే రెండు సెట్లూ తెమ్మన్నారు, లోపలి వైపు కొత్త పూత పోసి కొలత సరిచేస్తారట. మంగళవారం ముగ్గురం వెళ్తాం, సత్తమ్మ ఇంకా నాతో వస్తానంటే. ఆ ఖర్చు నాది.

జొన్నరొట్టె సంగతి అడిగారు. తినడం లేదు. పాలలో నానబెట్టి ఇస్తున్నాను.

ఫోటో అడిగారు. చిక్కుడుకాయలు తుంచడం అయ్యాక అత్తమ్మ నా ముఖం చూసి, "మూత మీద రాయకే, డబ్బా మీద రాయి అంటే ఇన్నవా" అని నవ్వడం మొదలుపెట్టింది. ఆపుకోలేకపోయింది. అప్పుడు సాహిత్య ఫోన్లో తీసింది. సెంటర్‌లోని స్టూడియోలో కడిగించి ఇందులో పెట్టాను. నోట్లో ఒక్క పన్ను లేదు. మీరు అడిగిన నవ్వు మాత్రం ఉన్నది.

వెనుక పేరు, తేదీ రాశాను. కవరు మీద కాదు, ఫోటో మీదే.

ఇట్లు,
మీ అమ్మగారి కోడలు,
అరుణ