ఎస్తేరు పేరున్న గ్లాసు

ఆదివారం, అశ్వారావుపేట

ఇయ్యాల సండే స్కూల్లో నా మనవరాలు ఎస్తేరు లేచి, "అమ్మమ్మా, అమ్మ దవాఖానాలో ఉన్నప్పుడు సంఘమంతా ఉపవాసముండి ప్రార్థన చేసిన్రు గదా, మరెందుకు పోయింది?" అని అడిగింది. పదిహేనేళ్ళ పిల్ల. నేను టీచరమ్మను కదా, "ముందు కంఠత వాక్యం చెప్పు" అన్నాను. ఒక్క తప్పు లేకుండా చెప్పి, చెప్పులేసుకుని వెళ్ళిపోయింది.

ముప్పై ఏళ్ళుగా బైబిలు వాక్యాలు అప్పజెప్పించుకుని, పేర్లు కొట్టించిన స్టీలు గ్లాసులు బహుమతిచ్చాను. పిల్లలకు వాక్యాలొచ్చాయి, నాకు గ్లాసుల బేరమొచ్చింది.

సాయంత్రం దాని పేరున్న గ్లాసులో పాలిస్తే, "గిది వద్దు, వేరేదాంట్ల ఇయ్యి" అంది.

పోయింది నా కూతురే. నేనూ రోజూ అదే అడుగుతున్నాను. "నాకూ తెల్వదు బిడ్డా" అంటే సరిపోయేది. ఇప్పుడైనా చెబుదామని వెళ్ళాను. నిద్రపోతున్నట్టు నటించింది. నమ్మినట్టు నటించి వచ్చేశాను.