బూడిదతో తోమిన కారు

కమలా, కారును మళ్లీ ముట్టుకోకు. నీళ్లు కూడా చల్లకు, నీడలోనే ఉండనీ. పాలిష్ మిషన్ వరండాలో ఉంది, పిల్లలు దాని వైరు లాగకుండా చూడు.

బానెట్ సగం అయ్యేసరికి కరెంటు పోయింది. పాలిష్ పేస్టు కూడా అయిపోయింది, తేవడానికి మట్టెవాడ పోతున్నాను. డాక్టర్ సారు సాయంత్రం రైలుకు హైదరాబాద్ నుంచి వస్తారు. అప్పటికి ఆయన నల్ల కారు మీద గీతలు కనబడితే నా డ్రైవర్ కొలువు ఊడినట్టే.

కొబ్బరి పీచు, పొయ్యిలోని బూడిద పెట్టి కారును తోముతారా ఎవరైనా? అదేమన్నా ఇత్తడి బిందెనా? పైగా "చూడు, ఎట్ల మెరుస్తాందో" అని నన్నే లేపావు. ఎండలోకి తీస్తే ఒళ్లంతా గుండ్రటి గీతలే. నీ చెయ్యి ఎటెటు తిరిగిందో అంతా కనబడుతోంది.

సారు ఇంటి నుంచి ఎవరైనా వచ్చి చూస్తే నేనే తోమానని చెప్పు. నువ్వు నోరు విప్పకు.

నేను జ్వరంతో పడుకుంటే నా పని నువ్వు చేశావు, తెలుసు. నేను కూర్చునే వైపు తలుపునే అన్నిటికన్నా గట్టిగా తోమావు. పొద్దున దానితోనే మొదలుపెట్టాను. ఆ గీతలే పోవడం లేదు.