ధ్రువకాంతులకు వెళ్ళేవాళ్ళ జాబితా

తమ్ముడు శివరామకృష్ణకు, అక్క కోపంతోనే రాస్తున్నది.

డిసెంబరులో ఆకాశంలో మెరిసే ధ్రువకాంతులు చూడటానికి నార్వే వెళ్తున్నానని నీకు చెప్పడమే నా తప్పు. ట్రావెల్స్ వాళ్ళకు ఫోన్ చేసి, "మా అక్కయ్యకు మోకాళ్ళ నొప్పులండి, అంత చలి ఆమె వల్ల కాదు, పేరు తీసేయండి" అన్నావట. నన్నొక్క మాట అడిగావా? దర్శి బళ్ళో ముప్పై ఏళ్ళు ఆ కాంతుల పాఠం చెప్పాను. "మీరు చూశారా టీచర్?" అని పిల్లలు అడిగితే ఏటేటా మాట దాటేశాను.

నిన్న గుంటూరు వెళ్ళి నా పేరు మళ్ళీ రాయించాను. కింద నీ భార్య నాగజ్యోతి పేరు కూడా రాయించాను. "'పత్తితీతలు వదిలేసి ఎలా పోతావు' అంటారు వదినా ఆయన" అని భయపడుతూనే పాస్‌పోర్టు తెచ్చిచ్చింది. ఈసారి పొలంలో నువ్వుండు. కూలీలకు పదింటికి టీ పెట్టేది నాగజ్యోతే. అదీ నేర్చుకో.

నీ అక్క