సగం గీత

అమ్మకి,

నీ చిన్నకూతురి నమస్కారాలు. ఇక్కడ నేను కులాసా. నాన్న మోకాలు, అక్క కోపం, నీ కుట్టుమిషను కూడా కులాసాగా ఉన్నాయని తలుస్తాను. వేళకే తింటున్నాను. ఫొటోలో చిక్కిపోయినట్టు కనిపించింది ల్యాబు కోటు వల్ల. అందులో నాలాంటివాళ్లు ఇద్దరు పడతారు.

"ముట్టుకోకుండా కరెంటుని ఎలా ఆడిస్తావే?" అని అడిగావు కదా. తల దువ్వుకున్న దువ్వెనని కాగితం ముక్కల దగ్గర పెడితే అవి ఎగిరొస్తాయి చూడు, అలాగే. నా దగ్గర వెంట్రుక కంటే పల్చటి పొర ఒకటుంది. దాని కింద గాజు, గాజు కింద లోహపు రేకు. రేకుకి ప్లస్ ఇస్తే, మధ్యలో గాజు అడ్డమున్నా సరే, ఎలక్ట్రాన్లు పొరలోకి వచ్చి చేరతాయి, కరెంటు జోరుగా పారుతుంది. మైనస్ ఇస్తే అవి పారిపోతాయి, కరెంటు తగ్గుతుంది.

"పేపరు ఎప్పుడొస్తుందని వీధి వీధంతా అడుగుతోంది" అన్నావు. నువ్వు చాటింపు వేస్తేనేగా అడిగేది! సరే, ఆ పరిశోధన పేపరు సంగతికే వస్తున్నాను.

నా గైడు, మా సారు చేయించిన కొత్త పొరలో ప్లస్ ఇస్తే కరెంటు ఎవరూ ఊహించనంత పెరిగింది. ల్యాబంతా సంబరం. నాకే మనసొప్పక, ఎవరూ పట్టించుకోని మైనస్ వైపు కూడా కొలిచాను. తగ్గాల్సింది అక్కడా పెరిగింది! పైగా స్విచ్ ఆపగానే పడిపోకుండా, పొయ్యి మీంచి దించిన గిన్నె చల్లారినట్టు మెల్లగా దిగింది. గాజులో ఎక్కడో పగులుంది. కరెంటు అందులోంచి కారి పొరని వేడెక్కిస్తోంది, ఆ వేడికే పొరలో కరెంటు పెరుగుతోంది. దువ్వెన లాగుడూ కాదు, ఏమీ కాదు, వట్టి వేడి.

సారుకి చూపించాను. ఆయన గ్రాఫులో ఎడమ సగాన్ని, అదే మైనస్ వైపుని, అరచేత్తో మూసి, "ఇటువైపు ఎంత బాగుందో చూడు. అది పేపర్లో వేయకు," అన్నారు.

"వేయకపోతే అబద్ధం కదా సార్."

"నీకు డిగ్రీ కావాలా, గొడవ కావాలా?"

"పెద్దాయన, ఎదురు చెప్పకు, తల వంచుకుని పని ముగించుకో" అని రాశావు. బయటివాళ్లొచ్చిన మీటింగులో సారు లైట్లార్పి తెర మీద ఆ సగం గీత చూపిస్తుంటే తల వంచుకునే కూర్చున్నాను, కాసేపు. ఇంతసేపూ నీకు చెప్పకుండా నాన్చుతున్నది ఇదే. తర్వాత లేచాను. పక్క బల్ల సీనియరు కోటు పట్టుకుని లాగుతున్నా ఆగకుండా తెర పక్కనున్న బోర్డు దగ్గరికెళ్లి, చాక్‌పీసుతో ఎడమ సగం గీసేశాను. సారు లైటు వేయమన్నారు, అంతే, మీటింగు ముగిసింది.

క్షమాపణ చెప్పి ఆ సగం గీత పేపరు మీద సంతకం పెడితే డిగ్రీ ఇప్పిస్తారట. లేదంటే వేరే ల్యాబు వెతుక్కోవాలి, ఇన్నేళ్ల పనీ మళ్లీ మొదటినుంచి. పెట్టనని, నా పేరు తీసేయమని మొహం మీదే చెప్పొచ్చాను. నువ్వు ఆయన్ని బతిమాలుతూ ఉత్తరం ముక్క కూడా రాయొద్దు. రాస్తే నీతో మాట్లాడను. మాట్లాడకుండా ఉండలేననుకో, అయినా రాయొద్దు.

ఏడుపొస్తోందమ్మా, భయంతో కాదు, ఒళ్లుమండి. వీధిలో ఎవరైనా అడిగితే, "పేపరొస్తుంది, అందులో దాని పేరుండదు, అదే తీయించేసుకుంది" అని గట్టిగా చెప్పు. ఆ పేరు నువ్వు పెట్టింది. అబద్ధం కింద దాన్ని రాయనివ్వను.

ఇట్లు,
నువ్వెంత తిట్టినా మారని
నీ మొండిఘటం