మూసిన వ్యానులో ఉన్న ఇద్దరి సంగతి

శ్రీయుత పోలీసు ఇన్‌స్పెక్టరు గారి సముఖమునకు,

చిక్కడపల్లిలో గొడుగులు బాగుచేసుకుని బతుకుతూ, ఏ సంఘమూ నియమించకపోయినా సువార్త చెప్పుకు తిరిగే జ్ఞానసుందరం వ్రాసుకొను అర్జీ.

విషయం: నిలిపిన మోటారు బండ్లలో ప్రాణులను మూసి ఉంచుట గూర్చియు, అద్దము పగిలిన కేసులో పొరపాటున పట్టుబడిన బుగ్గయ్యను నేడే విడుదల చేయుట గూర్చియు.

అయ్యా,

మే నెల ఎండలో నిలిపిన కారులో, నాలుగద్దాలూ ఎత్తించుకుని తమరెన్నడైనా కూర్చున్నారా? కూర్చోకపోతే ఈ అర్జీ తమకు పూర్తిగా బోధపడదు. అయినా మనవి చేసుకుంటున్నాను.

1. ఈ మధ్యాహ్నం అశోక్‌నగర్‌లో ఒక పెళ్లివారింటి ముందు సెక్రటేరియట్ ఉద్యోగి విశ్వేశ్వరరావు గారి కారు నిలిపి ఉండెను. వారు సతీసమేతంగా లోపల భోజనానికి కూర్చున్నారు. కారులో రూబీ అను తెల్ల బొచ్చుకుక్క. అద్దాలన్నీ బిగించి ఉన్నవి. అది మొదట మొరిగింది. తర్వాత అద్దాన్ని గీరింది. తర్వాత ఊరుకుని, నాలుక వేలేసి, సీటు మీద వాలిపోయింది. ఊళ్లో గొడవల రోజులు, కార్ల మీద రాళ్లు పడుతున్నవి గనుక కాపలాకు దాన్ని వదిలామని రావు గారు తర్వాత చెప్పారు. అయ్యా, ఆ కాపలాదారు పిల్లి కన్న కొంచెం పెద్దది.

2. పెళ్లి గుమ్మంలో నిలబడి "కారు ఎవరిది బాబూ" అని కేకలు వేశాను. సన్నాయి మోతలో విన్నవారు లేరు. ఎదుట కడుతున్న ఇంటి దగ్గర ఇటుకలు కొడుతున్న బుగ్గయ్య మాత్రం పరుగెత్తి వచ్చాడు. పాలమూరు నుంచి కూలికి వచ్చి రాంనగర్ బస్తీలో ఉంటున్న మనిషి. చేతిలో సుత్తె ఉంది. కొట్టమన్నాను.

"వద్దయ్యగారు, జర ఆగుండ్రి. అద్దం పలిగిందంటే మనల్ని జై తెలంగాణోళ్లంటరు. మీకేమైతది, మీరు తెల్లబట్టలోళ్లు."

"గుంటలో ఎద్దు పడితే విశ్రాంతి దినాన కూడా బయటికి తీస్తారు గదా! యజమాని భోంచేసి వచ్చేదాకా ఆగుతారా?" అని సుత్తె లాక్కుని నేనే కొట్టాను. మళ్లీ చెబుతున్నాను, నేనే. సుత్తె అతని చేతికి తిరిగి ఇచ్చి, కుక్కను బయటికి లాగి, నా సీసాలో నీళ్లు దాని నోట్లో పోశాను. అది లేచింది. నా కేకలకు రానివారు అద్దం చప్పుడుకు మాత్రం అందరూ వచ్చారు.

3. వచ్చిన జవానులకు సుత్తె పట్టుకున్న చెయ్యి కనిపించింది. అతను నోరు విప్పగానే ఏ జిల్లావాడో తెలిసింది. అంతటితో విచారణ ముగిసింది. మెడపట్టి వ్యానులోకి తోశారు. నేను అడ్డంపడి "నాయనా, కొట్టింది నేను" అంటే, "పెద్దమనుషులు, మీకెందుకయ్యగారూ ఈ లొల్లి, జర పక్కకు జరగండి" అన్నారు. నేరం ఒప్పుకున్నవాణ్ణి పక్కకు జరపమని ఏ చట్టంలో ఉంది?

4. కుక్కను కేసు సొత్తు కింద అదే వ్యానులో ఎక్కించారు. రావు గారు ఠాణాకు వచ్చి, "అద్దం పోతే పోయింది, ఫిర్యాదు వద్దు, మా రూబీని ఇప్పించండి" అని ప్రాధేయపడ్డారు. తమరి ఉత్తరువు లేనిదే మనిషినీ కుక్కనూ వదిలేది లేదన్నారు జవానులు. లాకప్పు నిండా గొడవల్లో పట్టుబడిన విద్యార్థులట. అందుచేత బుగ్గయ్య, రూబీ ఇద్దరూ తమ ఆవరణలోనే, ఎండలో, ఆ మూసిన వ్యానులో ఉన్నారు. ఇనుప వ్యాను. రాళ్లు తగలకుండా కిటికీలకు రేకు కొట్టించి ఉంది.

5. వేరే పని మీద ఈ ఠాణాకు వచ్చి నాకీ కాగితం ఇచ్చిన వకీలు గుమాస్తా ధర్మారావు గారు, జంతువులను హింసించరాదని తొమ్మిదేళ్ల కిందటే ఢిల్లీలో చట్టం చేశారని చెప్పారు. "అయితే అందులో కారు అన్న మాట లేదండీ" అని కూడా అన్నారు. లేఖనంలో మాత్రం కారు ఉందా? కళ్లం తొక్కే ఎద్దు మూతికి చిక్కం వేయరాదని ఉంది. జలప్రళయానికి ముందు మృగాలను ఎక్కించే ఓడకు కూడా దేవుడు కిటికీ పెట్టమన్నాడు, కొలత చెప్పి మరీ పెట్టించాడు. కనుక ప్రాణి ఉన్న బండిని నిలిపితే అద్దాలు బెత్తెడు దించవలెననియు, దించనిచో దారినపోయేవాడు తలుపు తీయవచ్చుననియు నారాయణగూడ దాకా దండోరా వేయించ ప్రార్థన. అందులో వ్యానులను మినహాయించవద్దు. కుక్కకున్న చట్టం మనిషికి లేదనవద్దు.

6. బుగ్గయ్య భార్య మాసమ్మ నా పక్కనే, గేటు పట్టుకుని నిలబడి ఉంది. "నువ్వు పలగ్గొడితివి, మావోన్ని పట్కపోయిరి. నీ దేవుని తాన గిట్లనే నడుస్తదా అయ్యా?" అన్నది. ఒకరి తప్పుకు మరొకరు శిక్ష మోయడం లోకంలో ఒక్కసారి, సిలువ మీద జరిగింది, అందరికీ అదే చాలు అని ఇన్నేళ్లుగా బజారుల్లో గొంతు చించుకుని చెబుతున్నవాణ్ణి. రెండోసారి నా పేరున జరగనివ్వకండి.

ఇందాకటిదాకా వ్యానులో కుక్క మొరిగింది. తర్వాత రేకు గీరింది. "పండు బిడ్డా, పండు" అని బుగ్గయ్య దాన్ని పడుకోబెడుతూ సముదాయించడం మాకు వినిపించింది. ఇప్పుడు రెండు గొంతులూ లేవు. ఆ వరుస నేను ఈ మధ్యాహ్నమే చూశాను.

చిత్తగించవలెనని వ్రాయుట ఆనవాయితీ. చిత్తగించడం తర్వాత, తలుపు తీయించవలెను.

తమ విధేయుడు,
అద్దము పగలగొట్టిన
జ్ఞానసుందరం

తా.క. ఈ కాగితం లోపలికి పంపబోతే, "సారు భోజనం చేస్తున్నరు, అటెన్క చూస్తరు" అని జవాను అంటున్నాడు. అప్పుడు ఆ కారువారూ భోజనమే చేస్తున్నారు, అయ్యా. బుగ్గయ్య దిగిన చోట నేను ఎక్కి కూర్చుంటాను, బేడీలు కూడా అక్కరలేదు. తమరు చెయ్యి కడగకపోయినా ఫరవాలేదు. లేవండి. ఈ రోజే, ఈ ముద్ద వదిలి, ముందు ఆ తలుపు తీయించండి.