నన్ను ఫ్రిజిడ్ అన్న కాగితం

అక్కకు,

ధర్మపురి నుంచి నీ చెల్లెలు సరళ నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేను క్షేమం అని రాయాలి కదా, రాశాననుకో. పలమనేరులో మీరంతా బాగున్నారా? నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? ఫోను చేస్తే నువ్వు మధ్యలో "సర్దుకుపోవే" అంటావు. కాగితానికి అడ్డం రాలేవు, అందుకే ఉత్తరం.

ఇక్కడి అరవవాళ్ల మార్గళి నెల చలి మొదలైంది. హాస్టల్లో తెల్లారేసరికి బకెట్లో నీళ్లు ముట్టుకోలేం. స్కూలుకు శాలువా కప్పుకొని పోయి పాఠాలు చెప్తున్నాను. తిండికి లోటు లేదు, కాకపోతే రోజూ అదే సాంబారు. నీ చేతి ఊరిబిండి కాస్త పంపు. ఆదివారం మధ్యాహ్నాలే కష్టంగా ఉంటాయి, పలకరించే దిక్కుండదు.

పోయిన ఆదివారం అత్తగారు రమ్మంటే మొరప్పూరు పోయాను. కాపురం నిలబెట్టే మాటలేమో అనుకున్నాను, ఎంత వెర్రిదాన్ని! వకీలు రాసిచ్చిన విడాకుల కాగితం నడింట్లో పెట్టుకొని కూర్చున్నారు. అందులో నేను ఫ్రిజిడ్ అట. అంటే ఏమిటని అడిగాను. మామగారి అన్న గొంతు సవరించుకున్నాడు.

"అది లాటిన్ మాటమ్మా, డాక్టర్లు రాసేది. చలి అని అర్థము. మొగునితో కాపురానికి పనికిరాని ఆడదని."

నా మొగుడు నేల చూస్తూ కూర్చున్నాడు. అత్తగారు పెన్ను నా చేతిలో పెట్టింది. "సుమ్మా, ఊరికే ఒక సంతకం పెట్టేయమ్మా. విడుదల దొరికితే తీర్థమలైలో వానికి ఇంకో కల్యాణం చేస్తాము. పిల్లను కూడా చూసి వచ్చినాము."

నేను చదువుతూ పోయాను. కింద సాక్ష్యం దగ్గర నీ పేరుంది. మనిషి తగిలితే చిన్నప్పటి నుంచీ ముడుచుకుపోయేదాన్నని నువ్వే ఫోనులో అత్తగారికి చెప్పావట. ఒళ్లు మండిపోయిందక్కా. నీ నోట్లో నువ్వుగింజ నానదని తెలుసు గానీ, నా గొంతు కోసేదాకా వస్తుందని అనుకోలేదు.

కాగితం అక్కడే పారేసి వచ్చాను. మా మిషన్ స్కూల్లో లాటిన్ చదువుకున్న ముసలి ఫాదర్ ఉన్నాడు, మన తెలుగాయనే. మరునాడు ఆయన్ని అడిగాను. ఆ మాట చన్నీళ్లకు వాడతారట, చలిగాలికి, శవానికి, చివరికి నవ్వు రాని హాస్యానికి కూడా వాడతారట. ఇంకేమైనా ఉందా అంటే, ఆయన ఇబ్బందిగా కళ్లద్దాలు తుడుచుకున్నాడు.

"పాతకాలం చర్చి చట్టంలో, కాపురం చేయలేని మొగవాళ్లను అట్ల రాసినారమ్మా. ఆడవాళ్లకు అంటగట్టింది తరువాతే."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. చల్లగా ఉండమ్మా అని మన అమ్మ దీవించేది. ఆ మాటనే వీళ్లు లాటిన్‌లో నా మీద నేరంగా మోపారు.

ఇప్పుడు విను. పెళ్లయిన ఈ నాలుగేళ్లలో నా మొగుడు ఒక్కనాడూ నన్ను ముట్టుకోలేదు. నేనే సిగ్గు విడిచి దగ్గరికి పోతే గోడవైపు తిరిగి పడుకునేవాడు. డాక్టరు దగ్గరికి పోదామంటే ఏడ్చి, ఎవరికీ చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు. జాలిపడి నోరు మూసుకున్నాను. దొంగే దొంగా దొంగా అని అరిచినట్టు ఇప్పుడు నా మీదికి తోశారు. రేపు ఆ తీర్థమలై పిల్ల గతీ ఇంతే. అందుకే సంతకం పెట్టను. పరువు పోతుందంటావు, ఎవరి పరువే?

కోర్టుకు పోతామన్నారు, పోనీ. వాయిదా తెలియగానే ఫోను చేస్తాను. నువ్వు రావాలి. తెలియక నోరు జారానని జడ్జి ముందు చెప్పాలి.

నాన్నకు నమస్కారాలు, పిల్లలకు ముద్దులు, బావను అడిగానని చెప్పు. ఈసారి దీవించమని నిన్ను అడగను. నువ్వు వచ్చినా రాకపోయినా ఆ నాలుగేళ్ల సంగతి నిండు కోర్టులో చెప్తాను. వస్తే మాత్రం, చెప్పేటప్పుడు నా చేయి పట్టుకో అక్కా. ఎవరైనా పట్టుకొని నాలుగేళ్లయింది.

నీ చెల్లెలు,
సరళ